మా ఊరి రోగులు ఏ పత్రికలో ఉన్నారు?

జాతీయ వైద్య కమిషన్ అధ్యక్షుల వారికి, సభ్యులకు,



వైద్య కళాశాలల్లో అధ్యాపకుల ప్రమోషన్‌కు ఎన్ని పరిశోధన పత్రాలు కావాలో, అవి ఎలాంటి పత్రికల్లో రావాలో నిర్ణయించేది మీరు. థీసిస్ ఇవ్వని పీజీ విద్యార్థి పరీక్షకు కూర్చోవడానికి లేదన్న నియమమూ మీదే. అందుకే మూత్రాశయ క్యాన్సర్ గురించి నేను చెప్పదలచుకున్నది ఏ మంత్రికో, ఏ ఆసుపత్రి సూపరింటెండెంటుకో రాయకుండా మీకు రాస్తున్నాను. మా బళ్ళారిలాంటి జిల్లా కేంద్రాలకు ఈ జబ్బుతో వచ్చే మనుషుల వివరాలు ఏళ్ళ తరబడి ఒకేచోట, ఒకే పద్ధతిలో నమోదు కావాలి. అవి ఆ జబ్బును ఎరిగిన వైద్యులు చదివే స్పెషలిస్టు పత్రికల్లో అచ్చు కావాలి. ఇందుకు దారి వేయగలిగింది మీరే.

మా నాన్నకు ఈ జబ్బు వచ్చింది. మూత్రంలో రక్తం పడింది, నొప్పి లేదు. నొప్పి లేదు గనక వేడి చేసిందనుకున్నాం. బార్లీ నీళ్ళు, సబ్జా నీళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పిన మందు, ఇలా చాలా కాలం గడిచిపోయింది. చివరికి కెమెరా వేసి చూసి, లోపలి గడ్డను గీకి తీశారు. తర్వాత వారానికొకసారి చొప్పున ఆరు వారాలు బీసీజీ మందును మూత్రాశయంలోకి ఎక్కించారు. ఇప్పుడు కొన్ని నెలలకోసారి మళ్ళీ కెమెరా పరీక్ష. ఏయే ఊళ్ళకు, ఏయే ఆసుపత్రులకు తిరిగామో ఇక్కడ చెప్పను. డాక్టర్లందరూ శ్రద్ధగానే చూశారు. అయితే వెళ్ళిన ప్రతిచోటా కేసు షీటులో బీడీ, సిగరెట్ అలవాటుందా అని అడిగి రాసుకున్నారు. ఉందనే చెప్పాం. ఏం పని చేసేవారని మాత్రం ఎవరూ అడగలేదు. మా నాన్న ఒంట్లో సత్తువ ఉన్నంత కాలం బట్టలకు రంగులు వేసిన మనిషి. చేతికి తొడుగు లేకుండా మోచేతుల దాకా రంగునీళ్ళలో పెట్టి పనిచేశారు. ఆయనతో పాటు పనిచేసిన వాళ్ళందరిదీ అదే తీరు.

మా ఊరు జీన్స్ ఊరని మీరు వినే ఉంటారు. కంటోన్మెంటు రోజుల్లో సిపాయిల దుస్తులు కుట్టిన దర్జీల చేతిపనే తరవాతి తరాల్లో జీన్స్ కుట్టుగా మారిందని పెద్దలు చెబుతారు. కౌల్ బజారు సందుల్లో కుట్టుమిషన్లు, ముండరగి వైపు షెడ్లు, కుట్టిన ప్యాంట్లను ఉతికి వెలిసినట్టు చేసి మళ్ళీ రంగు పట్టించే వాషింగ్ యూనిట్లు ఉన్నాయి. ఇవి కాక సండూరు గనుల నుంచి ఇనుప ఖనిజం తోలిన లారీ డ్రైవర్లు, క్లీనర్లు ఉన్నారు. ఇళ్ళకూ లారీలకూ పెయింటు వేసేవాళ్ళు ఉన్నారు. మూత్రాశయ క్యాన్సర్ కారణాల గురించి మాట్లాడినప్పుడల్లా వచ్చే పనులే ఇవన్నీ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పెయింటర్ల పనిని క్యాన్సర్ కలిగించేదిగా తేల్చింది. ఆ పనితో వచ్చే క్యాన్సర్లలో మూత్రాశయానిదీ ఉంది. డీజిల్ పొగను 2012లో అదే వర్గంలో చేర్చింది. ఊపిరితిత్తుల విషయంలో రుజువు గట్టిగా ఉందనీ, మూత్రాశయం విషయంలో పరిమితంగానే ఉందనీ అప్పుడు చెప్పింది. ఆ పరిమితమైన రుజువు బలపడాలన్నా, వీగిపోవాలన్నా లారీలు తిరిగిన ఊళ్ళలో ఎవరో ఒకరు లెక్క తీయాలి.

రంగులకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం బయటపడింది కూడా అలాగే. 1895లో ఫ్రాంక్‌ఫర్ట్ సర్జన్ లుడ్విగ్ రేన్ తన దగ్గరికి మూత్రాశయంలో గడ్డలతో వచ్చిన కొద్దిమంది రోగులు ఒకే రకం పని చేసేవాళ్ళని గమనించాడు. ఫుక్సిన్ అనే ఎర్ర రంగు తయారుచేసే కర్మాగారంలో వాళ్ళు కార్మికులు. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది. ఏ రసాయనం ఎలా పనిచేస్తుందో నిరూపించే సాధనాలు ఆయన చేతిలో లేవు. ఉన్నవల్లా రోగి, రోగి చేసిన పని, రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే అలవాటు. చూసినదాన్ని జర్మన్ సర్జన్ల సభలో చెప్పాడు, సర్జరీ పత్రికలో అచ్చు వేశాడు. ఆ పుటల మీద నడిచే 1938లో విల్‌హెల్మ్ హ్యూపర్ కుక్కల మీద ప్రయోగం చేసి, రంగుల పరిశ్రమలో వాడే బీటా నాఫ్థైలమీన్ మూత్రాశయ క్యాన్సర్ తెస్తుందని చూపించాడు. 1954లో రాబర్ట్ కేస్, ఆయన సహచరులు బ్రిటన్ రంగుల కర్మాగారాల కార్మికుల జాబితాలు తీసి, ఎవరు ఏ రసాయనంతో ఎన్నాళ్ళు పనిచేశారో, ఎవరికి జబ్బు వచ్చిందో లెక్కగట్టి పారిశ్రామిక వైద్య పత్రికలో ప్రచురించారు. 1967లో బ్రిటన్ ఆ రసాయనాన్ని నిషేధించింది. రేన్ పత్రం నుంచి అక్కడికి చేరడానికి 72 ఏళ్ళు పట్టింది. ఆ మొదటి పత్రమే రాకపోయి ఉంటే ఇంకెంతమంది కార్మికులు పోయేవారో.

మన దేశమూ 1990లలో బెంజిడిన్ అనే రసాయనంతో చేసే రంగులతో కలిపి 112 రకాల అద్దకపు రంగులను నిషేధించింది. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి అక్కడి బెంజిడిన్ కార్మికుల మూత్రాన్ని పరీక్షించారు. మూత్రాశయపు లోపొర కణాల డీఎన్‌ఏ మీద ఆ రసాయనం మిగిల్చిన గుర్తులను 1996లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో చూపించారు. ఆ కార్మికులు మా నాన్నలాంటి వాళ్ళే. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు, కానీ వాళ్ళ ఒంట్లో జరిగినది ప్రపంచానికంతటికీ తెలిసింది.

బళ్ళారి జీన్స్ వల్లే బళ్ళారిలో ఈ జబ్బు వస్తోందని నేను అనడం లేదు. జీన్స్‌కు వేసే ఇండిగో నీలం బెంజిడిన్ రంగుల కుటుంబంలోది కాదు. ప్రపంచంలో మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగాకే కారణమంటారు. మా నాన్న విషయంలో బీడీ ఒక్కటే కారణం కావచ్చు. రంగూ బీడీ కలిసి చేసిన చేటూ కావచ్చు. ఒక మనిషిని చూసి ఇది తేల్చడం ఎవరి వల్లా కాదు. వందలమందిని ఒకచోట చేర్చి అడిగితే తేలుతుంది. ఇది రసాయనం తగిలిన ఇరవై, ముప్ఫై ఏళ్ళకు బయటపడే జబ్బు. నిషేధానికి ముందు 1980లలో, 1990లలో చేతులు ముంచి పనిచేసినవాళ్ళు యూరాలజీ ఓపీల్లో నిలబడుతున్న కాలం ఇదే. ఇంకో పదేళ్ళు పోతే ఏ రంగు వాడారు, ఏ డబ్బాలోంచి తీశారు అని చెప్పడానికి వాళ్ళలో చాలామంది ఉండరు.

మరి మా జిల్లాల్లో పరిశోధన జరగడం లేదా అంటే, జరుగుతోంది. రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద కర్ణాటకలోనూ, ఎన్టీఆర్ విశ్వవిద్యాలయం కింద ఆంధ్రలోనూ ప్రతి ఏటా పీజీ విద్యార్థులు థీసిస్‌లు రాస్తూనే ఉన్నారు. చిక్కు ఎక్కడుందో రోగి ఇంటి మనిషిగా నాకు కనిపించింది చెబుతాను. పీజీ చదువు మూడేళ్ళు. అంశం ఎంచుకోవడానికి, ఎథిక్స్ కమిటీ అనుమతికి కొన్ని నెలలు. పరీక్షకు ఆరు నెలల ముందే థీసిస్ అప్పగించాలి. రోగులను చూసి వివరాలు రాసుకోవడానికి మిగిలేది మహా అయితే ఏడాదిన్నర. మూత్రాశయ క్యాన్సర్ ఆ కొలతలో ఇమిడే జబ్బు కాదు. మొదట బయటపడేటప్పుడు నాలుగింట మూడు వంతుల కేసుల్లో అది పైపొరలోనే ఉంటుంది. తీసేస్తే మనిషి లేచి తిరుగుతాడు. అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. గడ్డ తిరిగి వస్తుంది, మళ్ళీ గీకుతారు, మళ్ళీ వస్తుంది. ఎవరికి తిరిగి వచ్చింది, ఎవరికి కండరంలోకి దిగింది, బీసీజీ ఎవరికి పనిచేసింది అన్నవి తెలియడానికి కనీసం అయిదేళ్ళు వెంట ఉండాలి. ఒక విద్యార్థి రాసుకున్న రోగుల పట్టిక అతని డిగ్రీతో పాటే ముగుస్తుంది. తర్వాతి విద్యార్థి కొత్త రోగులతో మొదటి నుంచి మొదలుపెడతాడు. అలా ఒక విభాగంలో వరసగా వచ్చిన థీసిస్‌లన్నీ కలిపినా ఒక్క రోగి అయిదేళ్ళ కథ దొరకదు.

మా సరిహద్దు జిల్లాకు ఇంకో బాధ ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. రోగులకు ఆ గీత పట్టదు. రాయదుర్గం మనిషి రైలెక్కి బళ్ళారి పెద్దాసుపత్రికి వస్తాడు. ఆపరేషన్ దగ్గరికి వచ్చేసరికి ఆరోగ్యశ్రీ కార్డు పనికొచ్చే చోటు వెతుక్కుని అనంతపురమో కర్నూలో వెళతాడు. తర్వాత కూతురు ఉంటున్న బెంగళూరులో చూపించుకుంటాడు. మొదటి ఆసుపత్రి కాగితాల్లో అతను మళ్ళీ రాని రోగి. రెండో ఆసుపత్రిలో కొత్త రోగి. ఇలాంటి మనిషి ఏ పరిశోధన పత్రంలోకీ పూర్తిగా ఎక్కడు. సరిహద్దు తాలూకాల్లోని తెలుగువాళ్ళం, కన్నడిగులం ఇలా రెండు రాష్ట్రాల లెక్కల మధ్య జారిపోతున్నాం. నాకు అన్నిటికన్నా ఎక్కువ కష్టం కలిగించే సంగతి ఇదే.

ఇక మీ నిబంధనల సంగతి. 2022 ఫిబ్రవరిలో మీరు విడుదల చేసిన అధ్యాపక అర్హతల నియమాలు మూల పరిశోధనలు, మెటా ఎనాలిసిస్‌లు, సిస్టమాటిక్ రివ్యూలు, కేస్ సిరీస్‌లను లెక్కలోకి తీసుకున్నాయి. గుర్తింపు పొందిన సూచీల్లో ఉన్న పత్రికలే చెల్లుతాయన్నాయి. రచయితల్లో మొదటి ముగ్గురికి, ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే రచయితకు మాత్రమే పత్రం దక్కుతుందన్నాయి. పేరు కోసం ఊరికే చేరేవాళ్ళను ఆపడానికి ఇలా పెట్టారని అర్థమవుతుంది. తర్వాత మార్పులు వచ్చినా పద్ధతి మీద ఈ ఆలోచన ముద్ర ఉండిపోయింది. పదేళ్ళు, పదిమంది చేతులు మారుతూ నడవాల్సిన రిజిస్టరుకు ఇది గొడ్డలిపెట్టు. ఆరో ఏట రోగికి ఫోను చేసి రప్పించి కెమెరా పరీక్ష చేసిన జూనియర్ డాక్టరుకు ఏమీ దక్కనప్పుడు ఆ ఫోను ఎందుకు చేస్తాడు?

పత్రాల సంఖ్యే కొలమానమైతే ఏం జరుగుతుందో మన తెలుగు నేల మీదే చూశాం. హైదరాబాదు కేంద్రంగా వందల పత్రికలు నడిపిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. పత్రాలను నిపుణులు సమీక్షిస్తున్నారని చెప్పి రచయితలను మోసగించిందన్నది ఆరోపణ. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. అలాంటి పత్రికల్లో పడిన రోగి సమాచారాన్ని ఎవరూ నమ్మరు, ఎవరూ వాడరు. తన జబ్బు వివరాలు ఇచ్చిన రోగికి అది అన్యాయం.

స్పెషలిస్టు పత్రిక కావాలని నేను పట్టుబట్టేది అందుకే. అక్కడ పత్రాన్ని చదివేది ఇదే జబ్బుకు వైద్యం చేసే మనిషి. గీకి తీసిన ముక్కలో కండర పొర ఉందా అని అడుగుతాడు. లేకపోతే క్యాన్సర్ ఎంత లోతుకు దిగిందో చెప్పలేమని అతనికి తెలుసు. ప్రమాదం ఎక్కువున్న రోగులకు కొన్ని వారాల తర్వాత రెండోసారి గీకి చూశారా అంటాడు. బీసీజీ ఆరు మోతాదులూ అందరూ పూర్తి చేశారా, మానేసినవాళ్ళు మంట భరించలేక మానేశారా, మందు దొరక్క మానేశారా అని నిలదీస్తాడు. ఆ ప్రశ్నలకు జవాబు రాయాల్సి వస్తుందని ముందే తెలిసిన విభాగం ఆపరేషన్ థియేటర్లోనే జాగ్రత్తపడుతుంది. పత్రం అచ్చయినా కాకపోయినా ఆ జాగ్రత్త మంచం మీద ఉన్న రోగికి అందుతుంది. జర్నల్ ఆఫ్ యూరాలజీ, మన ఇండియన్ జర్నల్ ఆఫ్ యూరాలజీ, 2015లో ఈ ఒక్క జబ్బు కోసమే మొదలైన బ్లాడర్ క్యాన్సర్ పత్రిక, ఇలా తలుపు తట్టడానికి చోట్లు ఉన్నాయి.

జిల్లా ఆసుపత్రి రోగుల సంఖ్య చిన్నదని, పెద్ద పత్రికలు తీసుకోవని అంటారు. మా నాన్న మూత్రాశయంలోకి ఎక్కించిన బీసీజీ వైద్యం ప్రపంచానికి ఎలా తెలిసిందో చూడండి. కెనడాలో కింగ్‌స్టన్ అనే చిన్న నగరంలో ఆల్వారో మొరాలెస్, ఆయన సహచరులు 1976లో జర్నల్ ఆఫ్ యూరాలజీలో ఒక పత్రం ప్రచురించారు. అందులో రోగులు తొమ్మిది మంది. ఎవరికి ఏం ఇచ్చారో, ముందు గడ్డలు ఎన్నిసార్లు తిరిగి వచ్చాయో, తర్వాత ఏమైందో నిజాయితీగా రాశారు. దాన్ని చదివి మిగతావాళ్ళు పెద్ద అధ్యయనాలు చేశారు. ఇప్పటికీ పైపొరలో ఉండి ప్రమాదం ఎక్కువున్న మూత్రాశయ క్యాన్సర్‌కు బీసీజీయే ప్రధాన చికిత్స.

బీసీజీ అంటే మా పక్కనే రాయలసీమలో ఉన్న మదనపల్లె గుర్తుకు రావాలి. క్షయ టీకాగా బీసీజీ మన దేశంలో 1948లో మొదలైన చోట్లలో అదొకటి. అక్కడి ఆరోగ్యవరం శానిటోరియంలో డానిష్ వైద్యుడు జోహన్నెస్ ఫ్రిమోట్-మోలర్, ఆయన బృందం 1950 నుంచి చుట్టుపక్కల పల్లెల జనాన్ని ఏళ్ళ తరబడి వెంబడించి, క్షయ ఎవరికి వస్తోందో, ఎవరికి రావడం లేదో లెక్కగట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చు వేశారు. కొండల మధ్య శానిటోరియం చేయగలిగిన పనిని వైద్య కళాశాల ఉన్న జిల్లా కేంద్రం చేయలేదంటే నేను నమ్మను. కండరంలోకి దిగిన మూత్రాశయ క్యాన్సర్‌కు 1985లో న్యూయార్క్ వైద్యులు ప్రకటించిన నాలుగు మందుల చికిత్సలో మొదటిది మెథోట్రెక్సేట్. అది భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనశాల నుంచి వచ్చిన మందు. మందుల వైపు మన పాలు ఉంది. రోగుల కథ వైపే మన పుట ఖాళీగా ఉంది.

మీరు చేయవలసింది చెబుతాను. సర్జరీ, యూరాలజీ విభాగాలున్న ప్రతి వైద్య కళాశాలలో మూత్రాశయ క్యాన్సర్‌కు విభాగం పేరు మీద ఒక రిజిస్టరు ఉండాలని కనీస ప్రమాణాల్లో చేర్చండి. అది ఏ ప్రొఫెసరు సొత్తూ కాకూడదు. ఒక పీజీ విద్యార్థి మొదలుపెట్టింది తర్వాతి విద్యార్థి థీసిస్‌గా కొనసాగించడాన్ని చెల్లుబాటు చేయండి. అందులో రోగి చేసిన పనులన్నీ మొదటి నుంచి రాయాలి. ఇప్పటి పని రాస్తే చాలదు. వయసు మీరినవాళ్ళ షీట్లలో ఏ పనీ లేదని ఉంటుంది, అక్కడే సమాచారమంతా పోతుంది. బీడీ, సిగరెట్‌లను వేరువేరుగా రాయాలి. రోగి రాష్ట్రం దాటి వెళితే అక్కడి కళాశాల రిజిస్టరుతో కలిపే ఏర్పాటు కావాలి. బళ్ళారి, అనంతపురం, కర్నూలు కళాశాలలతో ముందు మొదలుపెట్టవచ్చు. రంగుల పని సంగతి తెలిసిన సాయం కావాలంటే జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ప్రాంతీయ కేంద్రం బెంగళూరులోనే ఉంది. అయిదేళ్ళ వెంబడింపుతో స్పెషలిస్టు పత్రికలో వచ్చిన పత్రానికి ఆ రిజిస్టరు నిలబెట్టిన అందరికీ వాటా ఇవ్వండి, ఎవరు ఏం చేశారో పత్రంలోనే రాయిస్తే దొంగ పేర్లు చేరవు. రంగుకూ జబ్బుకూ సంబంధం కనిపించలేదని తేలినా ఆ పత్రానికి అంతే విలువ కట్టండి.

డబ్బు మాట కూడా ఉంది. 2025 జనవరి నుంచి నడుస్తున్న ఒకే దేశం ఒకే చందా పథకంతో ప్రభుత్వ కళాశాలల వైద్యులు వేల పత్రికలు చదవగలుగుతున్నారు. అది చాలా మంచి పని. రాసి అచ్చు వేయించడానికి మాత్రం చాలా బహిరంగ పత్రికలు వేల డాలర్లు అడుగుతాయి. పేద దేశాలకు ఇచ్చే మినహాయింపులు భారత్‌కు సాధారణంగా వర్తించవు. జిల్లా కళాశాల అసిస్టెంటు ప్రొఫెసరు జీతంలోంచి అది కట్టలేడు. రిజిస్టరు మీద వచ్చే పత్రాలకు ఆ రుసుమును కళాశాల భరించాలని మీరు ఒక మాట రాస్తే రాష్ట్ర ప్రభుత్వాలు కాదనలేవు.

చివరిగా, పత్రం వచ్చాక అది మాకూ అందాలి. యూరోపియన్ యూరాలజీ పత్రిక ప్రతి పరిశోధన సారాంశంలో రోగి కోసం రెండు మూడు మామూలు వాక్యాలు రాయిస్తుంది, ఇంగ్లీషులో. బళ్ళారి నుంచి వెళ్ళే పత్రానికి ఆ వాక్యాలు కన్నడంలో, తెలుగులో, ఉర్దూలో రాసి ఓపీ గోడకు అంటించాలి. కౌల్ బజారులో ఉర్దూ మాట్లాడే కుట్టుపనివాళ్ళు చాలామంది. నొప్పి లేకుండా రక్తం పడితే ఆలస్యం చేయవద్దని, మీరు ఏం పని చేశారో డాక్టరు అడగకపోయినా చెప్పండని అందులో ఉండాలి.

వచ్చే పీజీ బ్యాచ్ థీసిస్ అంశాలు ఎంచుకునే లోపే ఈ మార్పులు చేయాలని కోరుతున్నాను. ఆ తేదీ దాటితే ఇంకో మూడేళ్ళు పోతాయి.

ఇట్లు,
ఒక రోగి కూతురు,
సత్యనారాయణపేట, బళ్ళారి